అరవై చుట్ల కొసరు

24 మే 2004, సోమవారం

ఈ పుస్తకంలో మోటార్ల లెక్కలు తప్ప ఇంకేమీ రాయకూడదని పాతికేళ్లుగా నియమం. ఎవరి మోటారు, ఎన్ని చుట్లు, ఏ గేజి వైరు, అంతే. ఈ రోజు నియమం తప్పుతున్నాను. మా ఆవిడ ఛాయాదేవికి చెప్పాను గానీ, ఆవిడ పప్పులో పోపు పెడుతూ, "రైలు గాలిలో తేలుతుందా, సరే, కొత్తిమీర తెచ్చారా" అంది. ఇంక కాగితానికే చెప్పుకోవాలి.

పదకొండింటికి దుకాణానికి ఒకమ్మాయి వచ్చింది. పై అంతస్తులో జావా క్లాసు ఎక్కడో అడగడానికి వచ్చిందనుకుని, అడక్కముందే మెట్లు చూపించాను. రోజుకి నలభై మందికి చూపిస్తాను. అమీర్‌పేటలో ఇప్పుడు మోటారు కాలినవాడి కంటే జావా కావలసినవాళ్లే ఎక్కువ. ఆ అమ్మాయి కదల్లేదు. "జోగారావు గారంటే మీరేనా అండీ? వైండింగ్ చేయించాలి" అంది.

పేరు మంజూష. ఏలూరు పిల్ల. హైటెక్ సిటీలో మంచి ఉద్యోగం మానేసి, పంజాగుట్టలో రామ్మోహనరావు గారనే రిటైరైన రైల్వే ఇంజనీరు దగ్గర చేరిందట. ఆయన ఒక అపార్టుమెంటు సెల్లారు అద్దెకు తీసుకుని, నలభై అడుగుల పట్టా వేసి, చక్రాలు లేని రైలు నమూనా తయారు చేస్తున్నారట. షాంఘైలో అలాంటి రైలు ఈ జనవరి నుంచి జనాన్ని ఎక్కించుకుని గంటకు నాలుగు వందల ముప్పై కిలోమీటర్లు పోతోందని పేపర్లో చదివాను. మనవాళ్లు పంజాగుట్ట సెల్లారులో చేస్తున్నారంటే నవ్వు రావాలి. రాలేదు.

నా బల్ల మీద సుద్దముక్కతో గీసి చెప్పింది. పైన ఇనప పట్టా. బండి అంచులు పట్టా కిందికి చుట్టుకుని వస్తాయి. ఆ అంచుల్లో ఎనిమిది అయస్కాంతాలు. కరెంటు పారితే అవి పట్టా వైపు లేస్తాయి, వాటితో బండీ లేస్తుంది. లేచిన బండి పట్టాకి అతుక్కోకూడదు, కింద పడకూడదు, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో గాలిలో నిలబడాలి. దానికి కంప్యూటరు సెకనుకి కొన్ని వేలసార్లు దూరం చూసుకుని కరెంటు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుందట. ఆ ప్రోగ్రాం ఈ పిల్లే రాసింది. అయస్కాంతాల కాయిళ్లు మాత్రం ఎవరో ఒకరు చేత్తో చుట్టాలి.

సనత్‌నగర్‌లో ఇద్దరు మావల్ల కాదన్నారట. బాలానగర్‌లో ఒకాయన పాడుచేసి ఇచ్చాడట. నా దుకాణం నుంచి వెళ్లిన వైండింగు పాతికేళ్లలో ఒక్కటీ తిరిగి రాలేదని చెప్పాను. బోర్డు మీద కూడా రాయించాను కదా, వేలితో చూపించాను. "అందుకే వచ్చాను బాబాయ్ గారూ" అంది.

బాబాయ్ అనడంతో సగం పడిపోయాను.

27 మే, గురువారం

మంజూష, పంజాగుట్ట. తేలే రైలు. కాయిళ్లు ఎనిమిది.
డ్రాయింగు: 320 చుట్లు, 20 గేజి.
వేసింది: 380 చుట్లు, 19 గేజి (ఒక నంబరు లావు). ఒకటి నుంచి ఏడు వరకు 380. ఎనిమిదోది 376, అక్కడ వైరు అయిపోయింది. అతుకు వేసిన కాయిల్ నేనివ్వను, ఆపేశాను.

అజీమ్ పేచీ పెట్టాడు. ఇరవై రెండేళ్లుగా నాతో పనిచేస్తున్న మనిషి, ఈ పని నా అంత బాగా వచ్చు. "అన్నా, గిది పంపు మోటార్ గాదు. కాయితంల మూడొందల ఇరవై అని రాసిన్రు గదా" అన్నాడు. కాగితానికేం తెలుసు? బెజవాడలో మా గురువు రాఘవయ్య గారు నేర్పిన మొదటి పాఠమే ఇది. అడిగినంత వేసేవాడు వ్యాపారి, అడక్కుండా నాలుగు చుట్లు ఎక్కువ వేసేవాడు పనివాడు అనేవారు. ఈ ఊరి వోల్టేజీకి ఎన్ని మోటార్లు మాడిపోయాయో, నావి ఎందుకు మాడలేదో ఆ కొసరు చుట్లకే తెలుసు. మామూలు మోటారుకే నాలుగు వేస్తే, గాలిలో తేలే రైలుకి అరవై వెయ్యనా?

ఆ పిల్లకి చెప్పలేదు. చెప్పి పెడితే కొసరు కాదు, గొప్పలు చెప్పుకోవడం.

29 మే, శనివారం

మంజూష మీటరు పెట్టి ఒక్కో కాయిల్ నిరోధం చూసింది. ఎనిమిదీ ఆ పిల్ల లెక్కకి సరిగ్గా సరిపోయాయి. చుట్లు పెరిగితే నిరోధం పెరగాలి, వైరు లావైతే తగ్గాలి. రెండూ ఒకదాన్నొకటి మింగేశాయి. నేను లెక్కవేసి చేసింది కాదు. చెయ్యి తిరిగినవాడికి అలా కలిసొస్తుంది.

"పర్ఫెక్ట్ బాబాయ్ గారూ" అంది. అజీమ్ నా మొహం చూశాడు. నేను ఫ్యాను చూశాను.

5 జూన్, శనివారం

లేచింది!

సెల్లారులో ఏడుగురం ఉన్నాం. మంజూష మీట నొక్కింది. మంచమంత బండి, నూట నలభై కిలోల బరువు, కింద ఏ ఆధారం లేకుండా పైకి లేచింది. బండికీ పట్టాకీ మధ్య ఉన్న సందులోంచి అవతల గోడ కనిపించింది. నా కాయిళ్లు. నా వేళ్లు తిప్పిన వైరు. కళ్లలో నీళ్లొచ్చాయి, కాయిళ్లకి పూసిన వార్నిష్ వాసన వల్ల అని చెప్పాను. ఎవరూ అడగలేదు.

తరవాత వణికింది. చలిజ్వరం వచ్చినవాడిలా మొదట సన్నగా, తరవాత గట్టిగా, టకటకమని పట్టాకి కొట్టుకుని కింద పడింది. ముఖ్యంగా వెనక ఎడమ మూల. మంజూష కంగారు పడలేదు. ప్రోగ్రాంలో అంకెలు సర్దాలి, మొదటిసారి ఎక్కడైనా ఇంతే అంది. రామ్మోహనరావు గారు అందరికీ స్వీటు తెప్పించారు. చాలా మంచి రోజు.

వెనక ఎడమ మూలలో ఉన్నది ఎనిమిదో కాయిల్.

9 జూన్, బుధవారం

ఇంకా వణుకుతోందట. ప్రోగ్రాం.

12 జూన్, శనివారం

అటు పోయే పని ఉండి పంజాగుట్ట వెళ్లాను. పని లేదు, ఊరికే వెళ్లాను.

మంజూష కళ్ల కింద నల్లగా ఉంది. బండిని విప్పి, ఒక్కో భాగాన్నీ తూకం వేస్తోంది. కాగితం మీద వేసుకున్న బరువుకి మూడు కిలోల పైచిలుకు తేడా వస్తోందట. బోల్టులు లెక్కపెట్టింది. వైర్లు లెక్కపెట్టింది. రంగు కూడా లెక్కపెట్టింది. చివరికి నన్నే అడిగింది, కాయిళ్లు ఏమైనా బరువెక్కాయా అని.

"వార్నిష్ అమ్మా" అన్నాను.

వెంటనే వచ్చేసింది ఆ మాట. ముందే నోట్లో పెట్టుకుని వెళ్లినట్టు వచ్చింది. నేను రెండు పూతలు వేస్తానని, లోపలిదాకా ఇంకుతుందని ఇంకో నాలుగు మాటలు కలిపాను. ఆ పిల్ల తలూపి కాగితం మీద 'వార్నిష్' అని రాసుకుంది. పక్కన ప్రశ్నార్థకం పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేది.

13 జూన్, ఆదివారం

వార్నిష్‌కి బరువు ఉంటుంది.

16 జూన్, బుధవారం

పొద్దున్నే రామ్మోహనరావు గారే దుకాణానికి వచ్చారు. రైల్వేలో ముప్పై ఆరేళ్లు చేసిన మనిషి, గొంతు పెంచడం తెలియదు. జూలై అయిదున ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందట. ఆ రోజు బండి నిలబడితే వంద అడుగుల పట్టాకి అనుమతి. నిలబడకపోతే సెల్లారు ఖాళీ చేసి తాళం ఇచ్చెయ్యాలి. పద్దెనిమిదేళ్లుగా మోస్తున్న ఆలోచన ఆయనది.

"మీ కాయిళ్ల గురించి నాకు అనుమానం లేదు జోగారావు గారూ. మీ పేరు నాకు తెలుసు. అమ్మాయే చిన్నది, అనుభవం చాల్లేదు. బెంగుళూరు నుంచి ఒకతన్ని పిలిపిస్తున్నాను, ఇరవై ఎనిమిది నుంచి ప్రోగ్రాం అతను చూసుకుంటాడు" అన్నారు.

అంటే మంజూష చేతిలోంచి తీసేస్తున్నారు. రెండేళ్లు రాసిన ప్రోగ్రాం. మానేసి వచ్చిన ఉద్యోగం. నేను టీ తెప్పించాను. ఆయన తాగి వెళ్లారు.

ఆయన మెట్టు దిగగానే అజీమ్ చేతిలో సుత్తి కింద పెట్టాడు. "అన్నా, గా పిల్ల మస్తు పరేషాన్ల ఉన్నది. జర చెప్పరాదు?"

ఏం చెప్పాలి అన్నాను. ఏం చెప్పాలో నీకు తెలుసన్నాడు. అరవై చుట్లకే రైలు పడిపోతుందా, అసలు బలం ఎక్కువిస్తే ఎవరైనా పడిపోతారా, తప్పు ఆ ప్రోగ్రాందేనని అరిచాను. జావా పిల్లలు మెట్ల మీద ఆగి చూశారు.

తప్పు నా కాయిళ్లలో లేదు. పాతికేళ్లలో ఒక్కటీ తిరిగి రాలేదు. ఇప్పుడు రావడమేమిటి?

17 జూన్, గురువారం

అజీమ్ టీ వేరే హోటల్లో తాగి వచ్చాడు.

20 జూన్, ఆదివారం

ఛాయాదేవితో ఎర్రగడ్డ రైతు బజారుకి వెళ్లాను. సంచి మొయ్యడం నా పని, బేరం ఆవిడది. సత్తెమ్మ దగ్గర టమాటాలు, బెండకాయలు. తూకం అయ్యాక కొసరు కోసం మా ఆవిడ సంచి ముడి వెయ్యకుండా నిలబడింది. పదిహేనేళ్ల అలవాటు. సత్తెమ్మ గుప్పెడు పచ్చిమిరపకాయలు తీసి సంచిలో వెయ్యబోయి, ఆగి, పైకెత్తి చూపించింది. "చూస్కోమ్మా, కొసరు నీ కండ్ల ముంగటనే ఏస్తున్న. మల్ల ఇంటికి పోయినంక తూకం తప్పింది అనొద్దు" అంది.

ఛాయాదేవి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అక్కడే నిలబడిపోయాను. వెనక ఎవరో జరగమని తోశారు.

కూరగాయలమ్మే సత్తెమ్మ కూడా ముందు తూకం వేస్తుంది. కాటా ముల్లు ఇద్దరూ చూస్తారు. ఆ తరవాతే కొసరు, అదీ చూపించి. నేను తూకంలోనే కలిపేశాను. పైగా తూకం సరిగ్గానే ఉందన్నాను. వార్నిష్ అన్నాను.

దారిలో ఛాయాదేవి, ఏమిటలా ఉన్నారని అడిగింది. ఎండ అన్నాను. ఈ మధ్య నాకు ఒక మాట వెంట ఇంకో మాట భలే దొరుకుతోంది.

21 జూన్, సోమవారం

ఫోను చేశాను. రింగయ్యింది. పెట్టేశాను.

మళ్లీ చేశాను. "హలో, హలో" అంది. పెట్టేశాను.

26 జూన్, శనివారం

పుస్తకం ఈ రోజే తిరిగి వచ్చింది. నాలుగు రోజులు నా దగ్గర లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇరవై రెండు, మంగళవారం. బల్కంపేట ఎల్లమ్మ కళ్యాణం. మా వైపు బండ్లన్నీ ఆపేశారు, బేరం ఎలాగూ ఉండదు. అజీమ్‌ని దుకాణంలో ఉండమని నడిచే పంజాగుట్ట వెళ్లాను. మంజూష ఒక్కతే ఉంది. బెంగుళూరు అతనికి అప్పజెప్పడానికి కాగితాలన్నీ సర్ది ఫైళ్లలో పెడుతోంది. నాకు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది.

నీళ్లు తాగకుండానే చెప్పాను. "మూడొందల ఇరవై కాదమ్మా. మూడొందల ఎనభై వేశాను. వైరు కూడా ఒక నంబరు లావుది. వార్నిష్ అన్నది అబద్ధం."

అరుస్తుందనుకున్నాను. అరిస్తే తేలిగ్గా ఉండేది. చేతిలో ఉన్న ఫైలు మెల్లగా బల్ల మీద పెట్టి కూర్చుంది. ఎందుకని అడిగింది. కొసరు అన్నాను. ఆ సెల్లారులో ఆ మాట ఎంత చిన్నగా వినిపించిందో.

"పదిహేడు రోజులు బాబాయ్ గారూ. రాసిన ప్రతి లైనూ మళ్లీ చూశాను. నా బుర్ర పనిచెయ్యట్లేదనుకున్నాను. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపించండని అజీమ్ భాయ్‌తో నవ్వుతూ అన్నాను గానీ, నవ్వు కాదది."

ఈ ఒక్కటే అంది.

తరవాత లేచి ముఖం కడుక్కుని వచ్చి నాకే పాఠం చెప్పింది. ఉప్పు సంగతి తెలియకుండా వంట చేసినట్టు అయ్యిందట. ప్రోగ్రాం ఇది బలహీనమైన అయస్కాంతం అనుకుంటోంది. చుట్లు ఎక్కువ కాబట్టి కరెంటు పెరగడం ఆలస్యం, పెరిగాక బలం మరీ ఎక్కువ. చాల్లేదని పెంచుతుంది, ఎక్కువైపోయి గబుక్కున తగ్గిస్తుంది, మళ్లీ చాలదు. అదే ఆ వణుకు. మళ్లీ చుట్టి ఇస్తానన్నాను, ఎనిమిదీ, మూడొందల ఇరవై. విప్పి, చుట్టి, వార్నిష్ ఆరి, మళ్లీ బిగించి పరీక్షించే వ్యవధి లేదంది. ఉన్నది ఉన్నట్టు తెలిస్తే ప్రోగ్రాంకే నిజం చెప్తానంది. "అన్నీ మూడొందల ఎనభయ్యేనా? ఖచ్చితంగా?"

ఒకటి మాత్రం కాదు, పుస్తకం చూడాలి అన్నాను.

వెనక్కి నడిచాను. అమీర్‌పేట దగ్గర బోనాలెత్తుకున్న ఆడవాళ్లు, పోతరాజు, డప్పులు, అడుగు పడటం లేదు. దుకాణానికి చేరేసరికి చొక్కా తడిసిపోయింది. పుస్తకం తీసి ఆ పేజీ చూశాను. ఎనిమిది అంకెలే కదా, చీటీ మీద రాసిచ్చేద్దామనుకున్నాను. ఎందుకంటే ఆ పేజీ తరవాత ఈ సోదంతా ఉంది. ప్రోగ్రాం, ప్రోగ్రాం అని. తప్పు నా కాయిళ్లలో లేదని.

చీటీ కూడా రాశాను. రాసి చూసుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. అబద్ధం చెప్పినవాడు ఈ పూట రాసిన చీటీకి ఏం విలువ? ఆ రోజు రాసిన పుస్తకానికి ఉంది. చీటీ చింపేశాను. పుస్తకం అజీమ్ చేతిలో పెట్టి, నువ్వే తీసుకెళ్లి ఇవ్వమన్నాను. వాడు పుస్తకం చూసి, నన్ను చూసి, "చాయ్ తాగి పోత, నువ్వు సుత రా అన్నా" అన్నాడు. ఆరు రోజుల తరవాత ఇద్దరం ఒకే బల్ల మీద టీ తాగాం.

ఇవాళ మంజూషే తెచ్చిచ్చింది. మే ఇరవై ఏడు పేజీలో ప్రతి అంకె పక్కనా పెన్సిలుతో చిన్న టిక్కు. 376 చుట్టూ సున్నా. మిగతా పేజీల్లో ఏమీ లేదు, చదవలేదనుకున్నాను. పదమూడో తారీకు దగ్గర ఆగాను. 'వార్నిష్‌కి బరువు ఉంటుంది' అన్న దాని కింద పెన్సిలుతో ఉంది: "ఎనిమిదింటికీ కలిపి 140 గ్రాములు."

చదివింది. అంతా చదివింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తరవాత ఎందుకో నవ్వొచ్చింది.

వెళ్తూ, రామ్మోహనరావు గారితో తను మాట్లాడతానని, నేనేం చెప్పక్కర్లేదని అంది. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి నాకు నచ్చలేదు.

29 జూన్, మంగళవారం

తేలింది. పడలేదు, వణకలేదు. యాభై నిమిషాలు.

ఒక్క అంకె మారిస్తే సరిపోలేదట, దాంతోపాటు ఇంకో పదకొండు మారాయట. మంజూష మూడు రోజులు కుర్చీ దిగలేదని రామ్మోహనరావు గారే అన్నారు. బెంగుళూరు అతన్ని రావద్దని చెప్పేశారు.

అజీమ్ అంచు దాకా నింపిన టీ గ్లాసు తెచ్చి, తేలుతున్న బండి మీద పెట్టాడు. ఏడుగురం గ్లాసు చుట్టూ మూగి చూశాం. టీ మీద మీగడ కట్టింది గానీ చుక్క ఒలకలేదు. కాయిళ్ల మీద చెయ్యి పెట్టి చూశాను, పసిపిల్ల నుదురులా గోరువెచ్చగా ఉన్నాయి. వైరు లావు కదా, పైగా తక్కువ కరెంటుతో అదే బలం. డ్రాయింగులో ఉన్నట్టు చుడితే అరగంటకే చెయ్యి కాలిపోయేదని మంజూషే ఒప్పుకుంది. ఒప్పుకుని, "దాన్ని వంకగా పెట్టుకోకండి" అంది.

కంప్యూటరులో తన ప్రోగ్రాం చూపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వరస నేనే కూడబలుక్కుని చదివాను. జోగారావు కొసరు, సమానం, అరవై. అలా పేరు పెట్టుకుంటే తరవాత చూసినప్పుడు ఎందుకు మార్చామో గుర్తుంటుందట. పై అంతస్తులో వేలమంది నేర్చుకునే ఆ విద్యలో నా పేరు ఒక చోట ఉంది. ఛాయాదేవికి చెప్తే ఈసారి పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుని వింది.

5 జూలై, సోమవారం

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. అజీమ్ షేర్వానీ వేసుకొచ్చాడు. పెళ్లికొచ్చావా అంటే, "రైల్ పెండ్లి గదా" అన్నాడు.

కమిటీ అయిదుగురు. వాళ్లలో తెల్లజుట్టు పెద్దావిడే ముఖ్యురాలు. బండి లేచింది, నిలబడింది, నలభై అడుగులూ చప్పుడు లేకుండా పోయింది, వచ్చింది. ఫ్యాను చప్పుడు వినిపించింది గానీ రైలు చప్పుడు లేదు. నా గుండె మాత్రం ఢాంఢామంది. గర్వం అని రాయడానికి సిగ్గెందుకు, గర్వమే.

తరవాత ప్రశ్నలు. జూన్ నెలంతా ఎందుకు ఆలస్యమైందని పెద్దావిడ అడిగింది. రామ్మోహనరావు గారు, మా అమ్మాయి మొదటి లెక్కలో చిన్న పొరపాటు చేసింది, తరవాత తనే దిద్దుకుంది అన్నారు. మంజూష కాదనలేదు. నేల చూసింది. ఆయనతో ఆ పిల్ల చెప్పిన మాట అదన్నమాట. ఆయన నా వైపు తిరిగి, కాయిళ్లు చుట్టింది ఈయనే, పాతికేళ్లలో ఈయన దుకాణం నుంచి వెళ్లినది ఒక్కటీ తిరిగి రాలేదు అని పరిచయం చేశారు. అందరూ నా వైపు చూసి నవ్వారు.

పాతికేళ్లుగా ఆ మాట ఇంకొకరి నోట వినాలని నాకు కోరిక. ఇంత పెద్దవాళ్ల ముందు విన్నాను. చప్పట్లు కొడితే తీసుకుని ఇంటికి పోవచ్చు.

"ఒకసారి వచ్చిందండీ. ఈ ఎనిమిదే" అన్నాను.

రామ్మోహనరావు గారికి అర్థం కాలేదు. ఢిల్లీ వాళ్లకి అసలే తెలుగు రాదు. నాకు హిందీ అర్థమవుతుంది గానీ, ఇంత మాట చెప్పడం రాదు. అజీమ్‌ని చెప్పమన్నాను. నేను తెలుగులో, వాడు వెంటనే హిందీలో. మూడొందల ఇరవై వెయ్యమంటే మూడొందల ఎనభై వేశానని, చెప్పలేదని, అడిగితే వార్నిష్ అని అబద్ధమాడానని, ఈ అమ్మాయి లెక్కలో పొరపాటు ఏనాడూ లేదని. వాడు ఒక్క ముక్క తగ్గించలేదు, వార్నిష్ కూడా వదల్లేదు. షేర్వానీలో నిలబడి కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చెప్పాడు.

రామ్మోహనరావు గారు చాలాసేపు నన్నే చూశారు. ఆ చూపు నాకు దక్కవలసిందే. తరవాత మంజూష దగ్గరికి వెళ్లి, మా అందరి ఎదుట, "నన్ను క్షమించమ్మా" అన్నారు. ఆ పిల్ల పదిహేడు రోజులు ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది.

పెద్దావిడ కాయిల్ మీద చెయ్యి పెట్టి, ఎన్ని చుట్లని అడిగింది. మూడొందల ఎనభై, వెనక ఎడమది మాత్రం మూడొందల డెబ్బయ్యారు అన్నాను. ఎలా తెలుసంది. పుస్తకంలో ఉంది అన్నాను. ఆవిడ తన కాగితంలో ఏదో రాసుకుంది.

10 జూలై, శనివారం

వంద అడుగులకి అనుమతి వచ్చింది. మంజూష ఫోనులో చెప్పింది. పక్క నుంచి రామ్మోహనరావు గారు ఫోను తీసుకున్నారు. తిడతారనుకున్నాను. కొత్త బండికి కాయిళ్లు ఎవరు చుడతారని అడిగారు.

పెయింటరు మొగిలయ్యని పిలిచి బోర్డు మీద కింది వరస చెరిపెయ్యమన్నాను. పాతికేళ్ల మాట, రెండు తుడుపులకి పోయింది. జాగా ఖాళీగా ఉంది, ఏం రాయాలన్నాడు. 'తేలే రైలుకి కాయిళ్లు చుట్టింది ఇక్కడే' అని రాయమన్నాను. "రైలు తేలుడేంది సేటూ, నీళ్లల్లనా?" అన్నాడు. గాలిలో అన్నాను. కుంచె ఆపి అజీమ్ వైపు చూశాడు. అజీమ్ ఆ రోజు షేర్వానీలో బండి పక్కన దిగిన ఫోటో జేబులోంచి తీసి చూపించాడు.

19 జూలై, సోమవారం

కొత్త డ్రాయింగు వచ్చింది. కాయిళ్లు పదహారు. చుట్ల దగ్గర అచ్చు అక్షరాల్లో 380. గేజి దగ్గర 19. ఇంజనీరింగు డ్రాయింగులో, కింద ముద్రతో, సంతకంతో, నా చేతి లెక్క. పక్కన మంజూష పెన్సిలుతో తెలుగులో ఒక వరస రాసింది: "బాబాయ్ గారూ, కొసరు ఇందులోనే ఉంది. మళ్లీ వద్దు."

మధ్యాహ్నం మొదటి కాయిల్ మొదలుపెట్టాం. నేను తిప్పుతున్నాను, అజీమ్ పైకి లెక్కపెడుతున్నాడు. మూడొందల డెబ్బై దాటాక వాడి గొంతు నెమ్మదించింది. మూడొందల డెబ్బై ఎనిమిది. డెబ్బై తొమ్మిది. ఎనభై. బాబినులో వైరు ఇంకా చాలా ఉంది. నా చెయ్యి పిడి మీదే ఉంది, ఇంకో నాలుగు తిప్పితే ఎవరికీ తెలియదు.

అజీమ్ ఎనభై దగ్గరే లెక్క ఆపాడు. నేనే కత్తెర అడిగాను.

మంజూష, పంజాగుట్ట. తేలే రైలు, రెండో బండి. కాయిల్ 1.
డ్రాయింగు: 380.
వేసింది: 380.